మోచేతి మేడం గారు

గురువారం పొద్దున్న షాపు షట్టరు సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. మేడం గారి మేనకోడలు. "అన్నయ్యగారండీ, అత్త లేవట్లేదండి" అంది. లేవట్లేదన్న మాట నా బుర్రకెక్కలేదు. "డాక్టరు గారిని తీసుకురమ్మంటావా అమ్మా?" అని అడిగాను. అవతల ఏడుపు వినబడింది. షట్టరు అలాగే సగంలో వదిలేసి బండి తీశాను.

దారిలో నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. "సీసా ఏమైంది?" అన్న ఆలోచన. ఇది రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది గానీ జరిగింది అదే. రెండు రోజుల ముందు, మంగళవారం నాడు, ఆవిడ చేతికి నేనొక మందు సీసా ఇచ్చాను. అందులో ఏముందో తేలితే ఒక కౌలు రైతుకి పొలం నిలబడుతుంది, నా షాపు పరువు గంగలో కలుస్తుంది. తేలకపోతే నా పరువు నిలబడి అతని పొలం పోతుంది. ఆ తేల్చే మనిషే పోయారు. లోపల ఎక్కడో ఒక మూల "హమ్మయ్య" అన్న చప్పుడు కూడా వినబడింది నాకు. పాఠం చెప్పిన మనిషి పోయారని తెలిసిన పావుగంటలో నా మనసు చేసిన పని అది. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు.

పూర్వ విద్యార్థులంతా కలిసి ఆవిడ మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్నూ నాలుగు ముక్కలు రాయమన్నారు. మాది ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. నేను ఎరువులు, పురుగుమందులు అమ్ముకునేవాణ్ణి. ట్యాంకుకి ఎంత కలపాలో రాసిచ్చే చీటీ తప్ప ఇంకేమీ రాసి ఎన్నేళ్లయిందో. ఇది మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు లేచిపోయాను. మేడం గారుంటే "కాలు కాలిన పిల్లిలా తిరక్కు, కూర్చో" అనేవారు. కూర్చున్నానండి. చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

ఆవిడ మాకు డిగ్రీలో బోటనీ చెప్పారు. పొట్టిగా, సన్నగా ఉండేవారు. మొహం మాత్రం గుండ్రంగా ఉబ్బినట్టుండేది. ఉబ్బసానికి ఏళ్ల తరబడి వేసుకున్న మాత్రల వల్ల అలా అయింది. చేతిసంచీలో ఊపిరికి కొట్టుకునే పంపు, చిన్న బైబిలు, స్కూలు పిల్లలు వాడే జామెట్రీ బాక్సు ఎప్పుడూ ఉండేవి. చర్చిలో బైబిలు తియ్యబోయి జామెట్రీ బాక్సు తీసిన రోజులున్నాయని ఆవిడే చెప్పి నవ్వేవారు. ఆ బాక్సులో మిగతా సామాను ఎప్పుడో పోయింది. కోణాలు కొలిచే కోణమాని ఒక్కటే ఉండేది. దాని మీద అంకెలు అరిగిపోతే స్కెచ్ పెన్నుతో మళ్లీ దిద్దుకున్నారు.

మొక్కల హార్మోన్ల పాఠం చెప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే. పుస్తకంలో ఐదే ఉన్నాయి. ఆవిడ బోర్డు మీద ఐదూ రాసి, కింద గీత గీసి, ఆరోది రాశారు. బ్రాసినోస్టెరాయిడ్. "ఇది పరీక్షలో రాయకండి. దిద్దేవాళ్లకి తెలియకపోతే మార్కులు పోతాయి. నాకోసం గుర్తుపెట్టుకోండి, చాలు" అన్నారు. వెనక బెంచీలో నేను ఊరుకోవచ్చు కదా! "మేడం గారండి, స్టెరాయిడంటే జిమ్ముల్లో కండల కోసం పొడిపించుకునేదే కదండీ? వంకాయలకి కూడా పొడుస్తారా అండి?" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. ఆవిడా నవ్వారు. నవ్వి, సంచీలోంచి తన మాత్రల అట్ట తీసి అందరికీ చూపించారు.

"ఇదీ స్టెరాయిడే. రోజూ మింగుతున్నాను. నాదీ, ఆ జిమ్ము వాళ్లదీ, వరి మొక్కదీ ఇంటిపేరు ఒకటే. బుద్ధులు వేరు. మన ఒంట్లో ఇది చుట్టంలా తిన్నగా లోపలికొచ్చేస్తుంది, అడక్కుండా వంటింటి దాకా పోతుంది. మొక్కలో అలా కాదు. గుమ్మం బయటే నిలబడి పిలుస్తుంది. లోపలికి అడుగు పెట్టదు."

"మరి లోపలివాళ్లకి ఎలా తెలుస్తుందండి?" అన్నాను. ఈసారి నిజంగానే తెలుసుకుందామని అడిగాను.

"మన లాకుల దగ్గర ఎలా తెలుస్తుంది?" అన్నారు. "కాలవ మీద షట్టరు దించే ఉంటుంది. నీళ్లు వెనకనుంచి తోసుకుంటూ నిలబడి ఉంటాయి. పైనుంచి కబురొస్తే గట్టు మీద కాపలా ఉండే లస్కరు అందుకుంటాడు. ఆయన ఇంకొకరికి చెప్తాడు, వాళ్లు పోయి షట్టరు ఎత్తుతారు. కబురు తెచ్చినవాడు కాలవలో దిగాడా? లేదు. కణంలోనూ పెరుగుదలని అదిమిపట్టుకుని ఒక ప్రొటీను కూర్చుని ఉంటుంది. కణం పొర మీదున్న లస్కరుకి హార్మోను తగిలితే, ఆ మాట చేతులు మారి మారి ఈ పట్టుకున్నవాడి దాకా పోతుంది. వాడు వదుల్తాడు. అప్పుడు పెంచే పని చేసేవాళ్లు కేంద్రకంలోకి వెళ్లి పని మొదలెడతారు. మొక్కని పెరగమని ఎవరూ తొయ్యరు నాయనా. పట్టుకున్నవాడు వదుల్తాడు, అంతే."

"ఆ లస్కరే చెవిటివాడైతే అండి?"

ఆవిడ నాకేసి కాసేపు చూశారు. అప్పటిదాకా నన్ను పనికిమాలినవాడి కిందే లెక్కేసుకున్నారనుకుంటా. "అప్పుడు హార్మోను కుండలతో పోసినా మొక్క మరుగుజ్జుగానే ఉండిపోతుంది. ముదురాకుపచ్చగా, ఆకులు ముడుచుకుని. మందు చాలక కాదు, వినేవాడు లేక" అన్నారు. ఆ సంవత్సరం నాకు బోటనీలో మంచి మార్కులొచ్చాయి. ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

చదువు అక్కడితో ఆపేసి నేను షాపు పెట్టుకున్నాను. ఆవిడ రిటైరై, చర్చి పక్క వీధిలో మేనకోడలితో ఉండేవారు. అప్పటికి ఆ ఆరో హార్మోనే టానిక్కు పేరుతో సీసాల్లోకొచ్చి నా అరల మీద నిలబడింది. వరికి పొట్ట దశలో కొట్టమని కంపెనీ వాళ్లు చెప్పేవారు, నేనూ అదే చెప్పేవాణ్ణి. అసలు సరుకు ఎంతుందో నకిలీ అంతుంది. చూస్తే తెలియదు, వాసన చూసినా తెలియదు. మేడం గారికి మాత్రం తెలిసేది. ఎలాగో చెప్తాను, కాస్త వినండి. ఈ కథంతా దాని మీదే ఉంది.

వరి గింజలు తడిగుడ్డలో మొలకెత్తించి, బట్టల బీరువా కింది అరలో చీకట్లో వారం రోజులు పెంచేవారు. అవి పాలిపోయి తెల్లగా, దారాల్లా లేచేవి. ఆకు పైభాగం, దాన్ని పట్టుకునుండే తొడుగు కలిసే చోట ఒక కీలు ఉంటుంది. దానికి అటు గోరంత, ఇటు గోరంత ఉంచి కోసేవారు. ఆ ముక్కల్ని ఒక రోజు ఉత్త నీళ్లలో తేలేసి, తర్వాత పరీక్ష చెయ్యాల్సిన మందు చుక్క కలిపిన నీళ్లలో వేసి మళ్లీ చీకట్లో పెట్టేవారు. మందులో నిజంగా ఆ హార్మోను ఉంటే, రెండు రోజులకి ఆ కీలు దగ్గర పైవైపు కణాలు ఉబ్బి, ఆకు వెనక్కి వంగిపోతుంది. కోణమాని పెట్టి కొలుస్తారు. మందు లేకపోతే పెద్దగా వంగదు. ఆ కీలుకి ఆవిడ పెట్టిన పేరు మోచెయ్యి.

"మోచెయ్యి వంగింది, కొట్టుకో." "మోచెయ్యి వంగలేదయ్యా, సీసా తిరిగిచ్చెయ్." ఇదీ ఆవిడ తీర్పు. రైతులు సీసాలు చంకన పెట్టుకుని ఆవిడ అరుగు మీద కూర్చునేవారు. చుట్టుపక్కల ఆవిడకి మోచేతి మేడం గారని పేరు పడిపోయింది. ఆ పేరుతో ఒక తమాషా జరిగింది. రామచంద్రపురం అవతలనుంచి ఒక ముసలావిడ ఆటో కట్టించుకుని వచ్చి, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, "ఆర్నెల్లనుంచి ఈ మోచెయ్యి వంగట్లేదమ్మా, మీ చేతి వైద్యం మంచిదన్నారు" అని కూర్చుంది. మేడం గారు ఏ మాత్రం నవ్వలేదు. కోణమాని తీసి ఆవిడ చెయ్యి వంచిన చోట పెట్టి కొలిచారు. కాగితం మీద అంకె రాసి, "ఇది తీసుకెళ్లి ఎముకల డాక్టరుకి చూపించండి. ఇంతవరకే వంగుతోందని చెప్పండి" అని, కాఫీ ఇచ్చి పంపారు. ముసలావిడ అటు వెళ్లగానే పంపు నోట్లో పెట్టుకుని ఊపిరాడక నవ్వారు. నేనప్పుడు అక్కడే ఉన్నాను. నాకూ కళ్లనీళ్లొచ్చాయి.

మా ఇద్దరికీ ఎప్పుడూ పొత్తు కుదిరిందని చెప్పను. ఆవిడ రైతులతో ఏమనేవారో తెలుసా? "వరి తన స్టెరాయిడు తనే చేసుకుంటుంది, ఎక్కడ కావాలో అక్కడే చేసుకుంటుంది. సీసా కొంటే కొనండి, కొనకపోయినా మీ చేనుకి ఏమీ కాదు." అంతే, ఆ మాట విని సగం మంది నా షాపు మెట్లెక్కడం మానేశారు. ఒకరోజు కోపం పట్టలేక వెళ్లి గుమ్మంలో నిలబడి అరిచాను. "మేడం గారండి, మీరు నా పొట్ట కొడుతున్నారండి! పాఠం చెప్పిన చేత్తో ఇలా చెయ్యొచ్చా అండి?" ఆవిడ గిన్నెలో గింజలు కడుగుతున్నారు. తలెత్తలేదు. "కంపెనీ వాళ్ల మోచేతి నీళ్లు తాగేవాడివి. నా మోచేతులు నీకెలా నచ్చుతాయిరా?" అన్నారు. మాట తగలాల్సిన చోటే తగిలింది. మూడు నెలలు ఆ వీధిలో బండి తిప్పలేదు నేను. తర్వాత ఆవిడే ఫోను చేశారు. "అబ్బాయ్, జింకు ఉందా నీ దగ్గర? చర్చిలో జామచెట్టుకి కావాలి" అన్నారు. ఏమీ జరగనట్టే తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ కోపం పట్టుకుని కూర్చునే మనిషి కాదు. నేనే అలాంటివాణ్ణి.

ఇక సత్తిబాబు సంగతి. చెప్పకుండా తప్పించుకునే దారి లేదు.

సత్తిబాబు కౌలుకి చేసుకునే మనిషి. కాలవ అవతల ఒక ఆసామి గారి చేను ఏళ్లుగా అతనే చేస్తున్నాడు. కిందటి సార్వాలో, అదే వానాకాలం పంటలో, నా దగ్గర టానిక్కు సీసా తీసుకెళ్లి పొట్ట దశలో కొట్టాడు. అది పాత కంపెనీ సరుకు కాదు. ఊరూ పేరూ లేని ఒక ఏజెంటు దించి వెళ్లిన అట్టపెట్టెలోది. పదిహేను రోజులకి చేను జానెడు ఎత్తు పెరిగింది. సత్తిబాబు సంబరపడి షాపుకొచ్చి మరీ చెప్పాడు. తర్వాత ఒక ముసురు పట్టింది. చేనంతా చాప పరిచినట్టు పడిపోయింది. పక్క చేలు మాత్రం నిలబడ్డాయి. పడిన కంకులు నీళ్లలో నాని మొలకలొచ్చేశాయి.

ఆసామి గారు ఒకటే మాట పట్టుకున్నారు. "యూరియా దంచేశావు. అత్యాశకి పోయి నా చేను పాడుచేశావు. ఈ దాళ్వా పంట అవగానే వదిలేసి వెళ్లు." యూరియా ఎక్కువైతే వరి పడిపోతుంది, అది నిజమే. ఇక్కడ ప్రతివాడికీ తెలిసిన సంగతే. సత్తిబాబు పిల్లల మీద ఒట్టేసి, మామూలుగా వేసేదే వేశానన్నాడు. అప్పుడు ఆసామి గారు నన్ను పిలిపించి అడిగారు. "నువ్వేమంటావయ్యా? మందులు అమ్మేవాడివి, నీకు తెలుస్తుంది కదా."

నేనేమన్నానో రాయడానికి ఇప్పుడు కూడా లేచి ఒకసారి వాకిట్లోకి వెళ్లొచ్చాను. "ఆయ్, యూరియా ఎక్కువైతే ఇలాగే అవుతుందండి" అన్నాను. అబద్ధం కాదు. ఆ మాటలో ఒక్క ముక్క అబద్ధం లేదు. అందుకే అంత ధైర్యంగా అన్నాను. సత్తిబాబు నాకేసి చూసి తల దించుకున్నాడు. అప్పటికే ఆ అట్టపెట్టె నా షాపు వెనక గదిలో గోనెసంచుల కిందికి పోయింది. ఎందుకు దాచానంటే, అనుమానం ఉంది కాబట్టి. ఆ రకం సీసానే పట్టుకెళ్లిన ఇంకొకరిది కూరమిరప నారు. అదీ తీగలా సాగిపోయిందని చెప్పి వెళ్లారు.

పడిపోయిన చేను చూడ్డానికి మేడం గారు గొడుగేసుకుని, గట్టు మీద ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ వెళ్లారని తెలిసింది. ఆ మర్నాడే షాపుకొచ్చారు. "సత్తిబాబు కొట్టిన రకం సీసా ఒకటి విప్పనిది కావాలి" అన్నారు. "స్టాకు అయిపోయిందండి" అన్నాను. "సరే" అని వెళ్లిపోయారు. నెల తర్వాత మళ్లీ అడిగారు. "ఏజెంటు రావట్లేదండి" అన్నాను. "సరే" అన్నారు. చూడండి, ఆవిడ ఒక్కసారి గట్టిగా అడిగుంటే, "అబద్ధం ఆడకు" అనుంటే, నేను ఎదురు తిరిగి ఏదో ఒకటి అనేసి తేల్చుకునేవాణ్ణి. ఆ "సరే" నన్ను పీక్కుతినేసింది. కొట్లో కూర్చుంటే గోనెసంచుల కేసే చూపు పోయేది. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ఆవిడ చెప్పుల చప్పుడు వినబడినట్టుండేది. మా ఆవిడ "ఏంటండీ, ఒంట్లో బాగోలేదా?" అని రోజూ అడగడం మొదలుపెట్టింది.

మూడోసారి ఆవిడ అడగలేదు. నేనే మంగళవారం సాయంత్రం సీసా జేబులో పెట్టుకుని వెళ్లాను. చాలా నీరసంగా ఉన్నారు. కుర్చీలో రెండు దిండ్లు పెట్టుకుని కూర్చున్నారు. సీసా బల్ల మీద పెట్టాను. "దొరికిందా?" అన్నారు. "దొరికిందండి" అన్నాను. అంతకుమించి ఏమీ అడగలేదు. మేనకోడల్ని పిలిచి నాకు టీ ఇమ్మన్నారు. ఆవిడ లేచి, పచ్చటి చిన్న మొలకలున్న మూడు గాజుగ్లాసులు కిటికీలో పెట్టి, ఒకదాంట్లో నా మందు చుక్కలేశారు. "వీటిని ఊరికే చూద్దాం. మోచేతులు ఈ రాత్రే కోసి నీళ్లలో వేసి, రేపు మందులోకి మారుస్తాను. శుక్రవారం సాయంత్రం నువ్వు రా. కలిసి చూద్దాం" అన్నారు. నేను టీ సగంలో వదిలేసి లేచాను. "కూర్చోరా, తాగి వెళ్లు" అన్నారు. పనుందని చెప్పి వచ్చేశాను. అదే ఆఖరి మాట.

శుక్రవారం మధ్యాహ్నం సమాధి చేశాం. చర్చి పట్టనంత జనం. బడి పిల్లలకి చెప్పినట్టు పాస్టరు గారు ఆవిడ గురించి చెప్పారు. అందరూ వెళ్లాక మేనకోడలు నా దగ్గరికొచ్చి, "శుక్రవారం మీరొస్తారని, బీరువా మీకు తప్ప ఎవరికీ తియ్యొద్దని బుధవారం నాడు చెప్పిందండి అత్త" అంది. తాళం నా చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో ఇంకా పువ్వుల వాసన పోలేదు. తలుపు తియ్యకుండా వెళ్లిపోదామా అనుకున్నాను. తెల్లారి ఆ నీళ్లు పారబోసేస్తే ఎవరికి తెలుస్తుంది?

తీశాను. కింది అరలో మూడు గాజు పళ్లేలు. వాటి మీద ఆవిడ దస్తూరీతో చీటీలు. "నీళ్లు", "అసలు", "షాపు". నీళ్లలో ముక్కలు కొంచెం ఒంగి ఉన్నాయి. అసలు మందులోవి మనిషి చెయ్యి మడిచి భుజం పట్టుకున్నట్టు పూర్తిగా వంగిపోయి ఉన్నాయి. షాపువి నీళ్లలోవాటిలాగే ఉన్నాయి. కోణమాని తెచ్చి ఒక్కొక్క ముక్కకీ పెట్టి కొలిచాను. రెండుసార్లు కొలిచాను. నీళ్లకీ షాపుకీ తేడా లేదు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లాను. రెండు గ్లాసుల్లో మొలకలు వేలెడే ఉన్నాయి. నా మందు పడ్డ గ్లాసులోవి మాత్రం పాలిపోయి, పొడుగ్గా, బలం లేకుండా సాగిపోయి ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి.

వంగాల్సింది వంగలేదు, సాగకూడనిది సాగింది. ఆ సీసాలో ఉన్నది ఆరో హార్మోను కాదు. బోర్డు మీద రాసిన ఐదింట్లో ఒకటి, కాడని సాగదీసేది, జిబ్బరెల్లిన్. సత్తిబాబు చేను జానెడు పెరిగింది అందుకే, పడింది అందుకే. క్లాసులో విన్న పాఠం అంతా ఒక్కసారి గుర్తొచ్చింది. మేనకోడలు వాకిట్లోంచి తొంగిచూసి, "అయ్యిందా అండి? మూడు నెలలనుంచీ వారం వారం గింజలు నానబోస్తూనే ఉందండి. పాతవి పారబోయడం, కొత్తవి నానబోయడం. ఎందుకత్తా అంటే, ఏ రోజు సీసా వస్తుందో తెలియదు, మొలకలు సిద్ధంగా ఉండాలనేది" అంది. నేను గోడకానుకుని కూర్చుండిపోయాను. అప్పుడొచ్చింది ఏడుపు. గురువారం రాని ఏడుపంతా అప్పుడొచ్చింది.

అక్కడితో బుద్ధొచ్చిందనుకుంటున్నారేమో. రాలేదు. ఇది ఇంటి పరీక్షే కదా, శనివారం లేబొరేటరీకి ఇంకో సీసా పంపించాను కదా, దాని కాగితం రానీ, అప్పుడు చెబుదాం అనుకున్నాను. తర్వాతి మంగళవారం చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్లని తలుచుకుని ఇంట్లోవాళ్లకి ధైర్యం చెప్పే కూడిక. ఆసామి గారు ముందు వరసలో కూర్చున్నారు. సత్తిబాబు వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. పాస్టరు గారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి వంకాయల జోకు చెప్పాను, మోచేతి ముసలావిడ సంగతి చెప్పాను. అందరూ నవ్వారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆ మైకు ముందు ఇంకొక్క మాట చెప్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. మింగేసి కూర్చున్నాను. బయట చెప్పులేసుకుంటుంటే సత్తిబాబు పక్కకొచ్చి, "బాగా చెప్పారండి. మేడం గారిని చూసినట్టే ఉంది" అన్నాడు.

ఆ మాటతో నా వల్ల కాలేదు. మర్నాడు పొద్దున్నే గోనెసంచులు లాగి అట్టపెట్టె తీసి, బండికి కట్టుకుని, అతని చేను దగ్గరికి వెళ్లాను. సత్తిబాబు పారతో నీళ్ల బోదె బాగుచేసుకుంటున్నాడు. వదిలిపోవాల్సిన చేనుకి అంత శ్రద్ధగా బోదె తీస్తున్నాడు, అది చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండింది, నా మీద నాకే. గట్టు మీదనుంచే చెప్పేశాను. ఆపితే మళ్లీ చెప్పలేనని గబగబా చెప్పేశాను. సీసా నకిలీది, అనుమానం ఉండి దాచాను, యూరియా అని నీ మీదికి తోసేశాను, మేడం గారు అడిగితే రెండుసార్లు అబద్ధమాడాను. "కొట్టాలనుంటే ఆ పారతో కొట్టు" అని కూడా అన్నాను.

సత్తిబాబు పార గట్టుకి ఆనించాడు. చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. "మేడం గారికి తెలుసండి" అన్నాడు.

"ఏం తెలుసు? ఆవిడ చూడకుండానే పోయారు. మోచేతులు నేను తీసి చూశాను."

"అది కాదండి. చేను పడ్డప్పుడు వచ్చారు కదా, అప్పుడే చెప్పారు నాకు. యూరియా ఎక్కువైతే ఆకు నల్లగా నిగనిగలాడుతుందంట. నాది పాలిపోయి పొడుగ్గా సాగింది. నీ తప్పు కాదు సత్తిబాబూ, సీసా తప్పే అన్నారు. ఆసామి గారి దగ్గరికి పదండమ్మా, మీరు చెప్తే వింటారని కాళ్లావేళ్లా పడ్డానండి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"కొన్నాళ్లు ఆగు నాయనా అన్నారండి. దాళ్వా కోతల దాకా టైముంది కదా, అప్పటికీ రాకపోతే నేనే వెళ్లి చెప్తానన్నారు. మావాడు వాడంతట వాడు వచ్చి చెప్తాడేమో చూద్దాం అన్నారండి."

మావాడు అన్నారట. నా పేరు చెప్పలేదట. నేను అబద్ధమాడిన రోజు కూడా, రెండోసారి ఆడిన రోజు కూడా, నన్ను ఆవిడ మావాడనే అనుకున్నారు. గట్టు మీద చతికిలబడ్డాను. సత్తిబాబు మంచినీళ్ల సీసా నా పక్కన పెట్టి, పోయి బోదెలో కాళ్లు కడుక్కున్నాడు.

ఆసామి గారు చెప్పిందంతా విన్నారు. చేను సత్తిబాబుకే ఉంచారు. నా షాపు సంగతి ఇంకా తేలలేదు. లేబొరేటరీ కాగితం రావాలి, పై ఆఫీసు వాళ్లు రావాలి. లైసెన్సు ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆ సీసా పట్టుకెళ్లినవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే, ఇది చదివి నా దగ్గరికి రండి. తిట్టినా పడతాను.

నాకు మాత్రం కళ్లముందు నిలిచిపోయింది ఆ ఉదయం నడక. చేను దగ్గర్నుంచి ఆసామి గారింటికి సన్నటి గట్టు దారే, బండి పోదు, నడిచే వెళ్లాలి. అట్టపెట్టె నేను నెత్తినెత్తుకున్నాను. "ఇటివ్వండి, మీకలవాటు లేదు" అని సత్తిబాబు చెయ్యి చాచాడు. ఇవ్వలేదు. ఎండ అప్పుడే ఎక్కుతోంది. అడుగడుక్కీ లోపల సీసాలు గలగలమంటున్నాయి. గట్టు పొడుగునా నాట్లేసే ఆడవాళ్లూ, సైకిళ్ల మీద పాలవాళ్లూ, అందరూ నన్నెరిగినవాళ్లే. ఎరువుల షాపాయన పొద్దున్నే నెత్తిన పెట్టెతో ఎక్కడికి పోతున్నాడా అని ఆగి చూస్తున్నారు. "ఏంటండీ ఆ పెట్టెలో?" అని దారిలో ముగ్గురడిగారు.

ముగ్గురికీ చెప్పాను.